రంగు తక్కువ

పాప పుట్టిన పదకొండో రోజున, ఆఫీసులో నాతో పనిచేసే ఆవిడ చూడ్డానికి వచ్చింది. అప్పుడు మేం డాలస్‌లో ఉన్నాం. ఒక చేతిలో డైపర్ల పెట్టె, ఇంకో చేతిలో ఫాయిల్ చుట్టిన మాకరోనీ చీజ్ ట్రే. సరిగ్గా ఆ టైముకి అమ్మ హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో ఉంది.

"చెవి చూపించవే. పైన అంచు దగ్గర. అబ్బా, లైట్ వెయ్యి ముందు."

నేను ఫోను పాప చెవి దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పుతున్నాను. పుట్టినప్పుడు పిల్లలందరూ ఎర్రగానే ఉంటారట, అసలు రంగు చెవుల అంచుల్లోనూ గోళ్ల మొదట్లోనూ దొరికిపోతుందట. మా ఇంట్లో ఇది తరాలుగా నడుస్తున్న శాస్త్రం. అమ్మ కాసేపు కళ్లు చికిలించి చూసి, "చామనఛాయకొస్తుందిలే, నీ అంత కాదు" అని తీర్పు ఇచ్చి, శెనగపిండిలో మీగడ ఎంత కలపాలో మొదలుపెట్టింది.

కాల్ అయ్యాక ఆవిడ అడిగింది, చెవిలో ఏం చూపించావని. ఇన్‌ఫెక్షనేమో అనుకుందట. సిగ్గుపడుతూనే చెప్పాను. ఆవిడ సోఫాలో వెనక్కి పడి నవ్వింది. వాళ్ల నాయనమ్మ కూడా ఇంతేనట. లూసియానాలో వాళ్ల ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ముసలావిడ వెళ్లి చెవులు, గోళ్ల మొదళ్లు చూసి చెప్పేసేదట, ఎంత నలుపుకి దిగుతుందో. భూగోళానికి అటు చివరా ఇటు చివరా ఇద్దరు ముసలమ్మలు, ఒకరి భాష ఒకరికి రాదు, పసిపిల్లల చెవులు పట్టుకుని ఒకటే చదువు చదువుతున్నారు.

రాత్రి అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "ఇందాక వచ్చిందే, ఎవరే ఆవిడ? తెల్లావిడా?"

"కాదమ్మా. బ్లాక్."

"అదేంటే! నీకంటే ఎర్రగా ఉందిగా."

నిజమే. నాకంటే నాలుగైదు ఛాయలు ఎరుపు. మా ఊళ్లో పుట్టుంటే పెళ్లిళ్ల పేరయ్య ఆవిడ ఫొటోని పైన పెట్టి, నాది కిందికి తోసేవాడు. అయినా అమెరికాలో ఆవిడ నల్లావిడ, నేను కాదు. దాన్ని అమ్మకి వివరించబోయి ఆ రాత్రి నావల్ల కాలేదు. అప్పట్నుంచి దీని గురించి చదువుతూ, చూస్తూ, జనంతో తగువులు పెట్టుకుంటూ వస్తున్నాను.

ముందు మన మాట సంగతి. తెలుగులో 'రంగు' అంటే తెలుపే. "అమ్మాయి మంచి కలర్" అంటే తెల్లగా ఉందని. "కొంచెం రంగు తక్కువ" అంటే నల్లగా ఉందని. "అమెరికా వెళ్లాక రంగొచ్చావే" అంటే కాస్త తేలానని. నలుపు మనకి రంగు కాదు, రంగు లేకపోవడం. గల్లాపెట్టెలో చిల్లర తక్కువైనట్టు ఒంట్లో రంగు తక్కువైందన్నమాట. ఇంగ్లీషు వాడికి దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. వాడికి తెలుపు అసలు రంగే కాదు. 'కలర్డ్' అన్నాడంటే నల్లవాళ్లని, లేదా తెల్లవాళ్లు కానివాళ్లనీ అన్నట్టు. ఒకే మాట సముద్రం దాటేసరికి తలకిందులైంది. పెళ్లిచూపుల్లో "రంగు తక్కువ" అనిపించుకుని వెళ్లిన నేను, డాలస్‌లో దిగగానే "విమెన్ ఆఫ్ కలర్" గ్రూపు మెయిలింగ్ లిస్టులో తేలాను. జన్మలో మొదటిసారి నాకు రంగొచ్చింది.

ఇక అమెరికా లెక్క. అక్కడ చెవి చూడక్కర్లేదు, తాతని చూస్తారు. ఒక్క బొట్టు నల్ల రక్తం ఉన్నా నల్లవాడే. వర్జీనియా రాష్ట్రం 1924లో దీన్ని ఏకంగా చట్టంలో రాసుకుంది. ఆ చట్టం కింద తెల్లవాళ్లకీ ఇతరులకీ పెళ్లి నేరం, 1967లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా. అంతకు చాలా ముందే మా ఆఫీసు ఆవిడ సొంత రాష్ట్రం లూసియానాలో, 1892లో, హోమర్ ప్లెస్సీ అనే ఆయన తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. ఎనిమిదింట ఏడు వంతులు తెల్లవాడు. చూస్తే ఎవరికీ అనుమానం రాదు. తానెవరో చెబితే తప్ప కండక్టర్‌కి తెలిసే అవకాశమే లేదు. చట్టాన్ని కోర్టుకి లాగాలని ఒక సంఘం పథకం వేసుకుని ఆయన్ని ఎక్కించింది. 1896లో సుప్రీంకోర్టు ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. వేర్వేరు పెట్టెలు, వేర్వేరు బడులు, వేర్వేరు కుళాయిలు, ఇంకో అరవై ఏళ్ల పాటు ఆ తీర్పు నీడలోనే నడిచాయి.

అదంతా పాతకాలం అనుకుంటారేమో. అదే లూసియానాలో 1970లో చేసిన చట్టం ప్రకారం ముప్ఫై రెండో వంతుకి మించి నల్ల రక్తం ఉంటే ఆ మనిషి నల్లమనిషి. జన్మంతా తెల్లావిడగా బతికిన ఒకావిడ, పాస్‌పోర్టు కోసం బర్త్ సర్టిఫికెట్ తీయిస్తే అందులో తల్లిదండ్రులిద్దరినీ 'కలర్డ్' అని రాసి ఉంది. కోర్టుకెక్కింది. ప్రభుత్వం తరఫువాళ్లు వంశవృక్షం తవ్వి, రెండు శతాబ్దాల వెనకటి బానిస ముత్తవ్వని పైకి తీశారు. ఆవిడ కేసు ఓడిపోయింది. ఆ గొడవకి సిగ్గుపడి 1983లో శాసనసభ ఆ చట్టాన్ని ఎత్తేసింది. 1983 అంటే మన దగ్గర ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడు.

మా ఆఫీసు ఆవిడకి ఇది చెబితే ఆశ్చర్యపోలేదు. బానిస తల్లికి యజమాని వల్ల బిడ్డ పుడితే, ఆ బిడ్డ ఎంత తెల్లగా ఉన్నా బానిసే అయితేనే కదా యజమానికి ఆస్తి పెరిగేది, అంది. లెక్క అంత సింపుల్. ఆ కంచె లోపల మళ్లీ ఛాయల మెట్లున్నాయి, లేకపోతే నాయనమ్మకి చెవులతో పనేముంది? బ్రౌన్ పేపర్ సంచీ కంటే నలుపైతే ఫలానా క్లబ్బుల్లోకి రానిచ్చేవాళ్లు కాదని ఆ ముసలావిడే చెప్పేదట. అయితే మెట్టు ఏదైనా కంచె ఒకటే. చెవి ఏం చెప్పినా ఫారమ్‌లో టిక్ మాత్రం ఒకే గడిలో.

ఒబామా సంగతీ అంతే. తల్లి కాన్సాస్‌కి చెందిన తెల్లావిడ. పెంచిందీ ఆవిడా, ఆవిడ తల్లిదండ్రులూ. 2010 జనాభా లెక్కల్లో ఒకటి కంటే ఎక్కువ గడుల్లో టిక్ పెట్టుకునే వీలున్నా, ఆయన నల్లవాడు అన్న ఒక్క గడిలోనే పెట్టాడు. తండ్రి దేశమైన కెన్యాలో ఆ టిక్‌కి అర్థమే లేదు. అక్కడ దాదాపు అందరూ నల్లవాళ్లే. వాళ్లకి కావలసింది లువో తెగా, కికుయు తెగా అన్నది. చేప నీళ్లని పట్టించుకోనట్టు అక్కడ నలుపుని ఎవరూ పట్టించుకోరు.

బ్రెజిల్ మాత్రం నాకు మన ఇల్లే గుర్తుచేస్తుంది. ఉత్తర అమెరికాకి పట్టుకెళ్లిన బానిసలకి దాదాపు పదింతలు, అంటే నలభై లక్షలకు పైగా ఆఫ్రికన్లని బ్రెజిల్‌కి తోలారు. బానిసత్వం రద్దు చేసింది ఖండం మొత్తంలో అందరికంటే ఆఖరున, 1888లో. అయినా అక్కడ ఒక్క బొట్టు లెక్క లేదు. తాతెవరని అడగరు, నువ్వెలా కనిపిస్తున్నావనే చూస్తారు. 1976లో ప్రభుత్వ సర్వేవాళ్లు గడులు ఇవ్వకుండా "మీ రంగేంటి?" అని ఊరికే అడిగితే జనం 130కి పైగా పేర్లు చెప్పారు. పాలు కలిపిన కాఫీ. దాల్చినచెక్క. ఎండకి కమిలినది. ఒకరైతే 'పారిపోతున్న గాడిద' రంగు అన్నారు. ఇది చదివి ఎంత నవ్వానో! తర్వాత మన మ్యాట్రిమోనీ ప్రకటనలు గుర్తొచ్చి ఆగిపోయాను. ఎరుపు, పసిమి ఛాయ, గోధుమ రంగు, చామనఛాయ, ఎర్రని చామనఛాయ... ఈ ఆఖరిది ఏ రంగో నాకు ఇప్పటికీ తెలీదు, నా ప్రొఫైల్‌లో మాత్రం మా నాన్న అదే రాయించాడు.

ఇన్ని పేర్లున్నాయంటే పట్టింపు లేదనా, పట్టింపు ఎక్కువనా? బ్రెజిల్ పెద్దమనుషులు చాలాకాలం మొదటిదే చెప్పుకున్నారు. మా దగ్గర అందరూ కలిసిపోయారు, అమెరికాలాంటి జాతి గొడవల్లేవు అని. కలిసిపోయిన ఆ దేశంలో పైకి వెళ్లేకొద్దీ ముఖాలు తెల్లబడతాయి, జైళ్లలోకి దిగేకొద్దీ నల్లబడతాయి. చివరికి విశ్వవిద్యాలయాల్లో రిజర్వేషన్లు పెట్టాల్సి వచ్చింది. పెట్టగానే, మరి నల్లవాడెవరు అన్న ప్రశ్న. 2007లో బ్రసీలియా విశ్వవిద్యాలయానికి కవల అన్నదమ్ములు దరఖాస్తు పెట్టుకున్నారు. ఒకే పిండంలోంచి పుట్టిన, అచ్చు ఒకేలా ఉండే కవలలు. ఫొటోలు చూసిన కమిటీ ఒకణ్ని నల్లవాడంది, రెండోవాణ్ని కాదంది. గొడవయ్యాక సరిదిద్దుకున్నారు గానీ, ఇన్ని దేశాల కథల్లో నేను ఎక్కువసార్లు నెమరువేసుకునేది ఇదే. నలుపు చర్మంలోనే ఉంటే ఆ ఇద్దరి మధ్య తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

హైతీ వాళ్లు మాత్రం ఈ చిక్కుని ఒక్క వాక్యంలో తెంపేశారు. బానిసలు తిరగబడి ఫ్రాన్సుని వెళ్లగొట్టి రాసుకున్న 1805 రాజ్యాంగంలో, ఇకమీదట హైతీ పౌరులందరికీ నల్లవాళ్లన్నదే పేరు అని రాశారు. ఆ పౌరుల్లో పోలండ్ సైనికులూ కొందరు జర్మన్లూ కూడా ఉన్నారు. పాలలా తెల్లటి పోలిష్‌వాడు కాగితం మీద నల్లవాడయ్యాడు. నాకు ఆ రాజ్యాంగం రాసినవాళ్లంటే భలే ఇష్టం.

దక్షిణాఫ్రికా దీనికి రెండో కొస. 1950 చట్టంతో, పుట్టిన ప్రతి మనిషికీ జాతి ముద్ర వేశారు. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చేవారు. జారిపడితే ఒక జాతి, ఇరుక్కుంటే ఇంకో జాతి. సాండ్రా లైంగ్ అనే పాపకి తల్లీ తండ్రీ ఇద్దరూ తెల్లవాళ్లే, వర్ణవివక్ష పార్టీ సమర్థకులే. పిల్ల మాత్రం నల్లగా, రింగుల జుట్టుతో పుట్టింది. పదేళ్లప్పుడు బళ్లోంచి పోలీసులు తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపేశారు. 1966లో ఆమెని 'కలర్డ్' అని మార్చారు, అక్కడ ఆ మాటకి మిశ్రమ జాతి అని అర్థం. తండ్రి పోరాడితే మళ్లీ తెల్లపిల్ల అన్నారు. పెద్దయ్యాక నల్లవాణ్ని ప్రేమించి వెళ్లిపోయి, అతనితో, పిల్లలతో ఒకే ఇంట్లో ఉండాలంటే తెల్లావిడగా ఉండకూడదు కాబట్టి తనే 'కలర్డ్' అని రాయించుకోవాలనుకుంది. మనిషి ఒకత్తే, చర్మం ఒకటే, కాగితం మీద మాత్రం రంగు వెనక్కీ ముందుకీ.

అక్కడ మనవాళ్లూ ఉన్నారు. మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో ఓడ 1860 నవంబరులో డర్బన్‌లో దించిన చెరకుతోట కూలీలతో మొదలై, తర్వాతి ఓడల్లో కోస్తా జిల్లాల నుంచి తెలుగువాళ్లు వేలమంది వెళ్లారు. ప్రభుత్వం వాళ్లకి 'ఇండియన్' అని వేరే గడి ఇచ్చింది. తెల్లవాడి కింద, నల్లవాడి పైన. 1970ల మొదట్లో నల్లజాతి విద్యార్థి నాయకుడు స్టీవ్ బికో, ఆయన విద్యార్థి సంఘం నలుపుకి కొత్త అర్థం చెప్పారు. ఈ చట్టాల కింద అణిగినవాళ్లందరూ నల్లవాళ్లే, భారతీయులతో సహా. కొందరు మనవాళ్లు సంతోషంగా ఆ పేరు తగిలించుకుని జైలుకెళ్లారు. చాలామంది మధ్యగడిలోనే ఉండిపోయారు. ఆ మధ్యగడే ఈ వ్యాసంలో నా అసలు బాధ.

మన మధ్యగడి చరిత్ర అమెరికాలోనూ పాతదే. భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు. వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకీ ఆఫ్రికా సంతతివాళ్లకీ మాత్రమే పౌరసత్వం అన్న రోజుల్లో, నేనూ తెల్లవాణ్నేనని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. వాదన ఏంటంటే, మేం అగ్రకుల ఆర్యులం, మీరు నీగ్రోల్ని ఎలా చూస్తారో మేం మా దేశంలో కింది జాతుల్ని అలాగే చూస్తాం, కాబట్టి మేమూ మీవాళ్లమే. 1923లో కోర్టు కాదు పొమ్మంది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్లలోనూ చాలామందికి పోయింది. తీర్పు అన్యాయమే, ఒప్పుకుంటాను. ఆ వాదన చదివినప్పుడు మాత్రం తలొంచుకున్నాను.

తలపాగా కథ ఇంకా బాగుంటుంది. జెస్సీ రౌటీ న్యూయార్క్‌కి చెందిన నల్లజాతి పాస్టర్. దక్షిణాన అలబామాలోని మోబీల్‌కి వెళ్లి ఒకసారి అవమానపడి వచ్చాడు. 1947లో మళ్లీ వెళ్లేటప్పుడు తలపాగా చుట్టి, ఊదారంగు అంగీ వేసుకున్నాడు. అదే మనిషి, అదే నలుపు. విదేశీ ప్రముఖుడనుకుని హోటళ్లలో కూర్చోబెట్టి వడ్డించారు. నల్లవాళ్లెవరైనా వస్తే ఏం చేస్తారని ఆయనే అడిగితే, అసలు రానివ్వం అని చెప్పారట. పరాయి దేశం వేషానికి అంత మహత్తుందా అంటే అదీ లేదు. 1964లో మన సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియాని మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో ఒక తిండిశాలలోకి రానివ్వలేదు. మర్నాడు కావాలనే మళ్లీ వెళ్లి అరెస్టయ్యాడు. తర్వాత అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పుకుంది.

ఆ మిసిసిపీ పక్క రాష్ట్రాల్లోనూ, మా టెక్సస్‌లోనూ ఇవాళ మనవాళ్లు ఇళ్లు కొంటున్నారు. మేం మారదామని ఒక అపార్ట్‌మెంట్ చూస్తే, అక్కడే ఎమ్మెస్ చేస్తున్న మా పిన్ని కొడుకు అన్నాడు: "వద్దక్కా, అది నల్లోళ్ల ఏరియా." వాడి చెయ్యి స్టీరింగ్ మీద ఉంది. ఆ చెయ్యిని, అంతకు ముందురోజు నా పక్కన కూర్చుని లంచ్ చేసిన మా ఆఫీసు ఆవిడ చేతిని మనసులో పక్కపక్కన పెట్టి చూశాను. దిగి ఆర్నెల్లు కాలేదు వాడు. పన్ను ఫారాలు నింపడం రాదు, మంచులో బండి నడపడం రాదు. ఎవరు నల్లోళ్లో, ఎవరి పక్కన ఉండకూడదో మాత్రం వచ్చేసింది. హైదరాబాద్‌లో వాణ్ని క్లాసులో అందరూ కర్రోడా అని పిలిచేవాళ్లు. నాకు బాగా గుర్తు, ఏడుస్తూ ఇంటికొచ్చేవాడు.

ఇది ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు సర్దిచెబుతారు. "మనది రంగు పిచ్చే గానీ జాతి వివక్ష కాదండీ, రెండూ వేరు" అని. వేరే, ఒప్పుకుంటాను. అమెరికాది వంశం లెక్క, మనది ఛాయ లెక్క. మన కుటుంబంలో నల్లపిల్లని ఎవరూ వెలివెయ్యరు. కట్నం పెంచుతారు, కుంకుమపువ్వు పాలు తాగిస్తారు, "నలుపు నారాయణ మెచ్చు" అని ఓదారుస్తారు. (నారాయణుడు మెచ్చాడు, మగపెళ్లివారు మెచ్చలేదు.) కానీ ఈ తేడా గురించి మనం మాట్లాడేది దేనికి? అర్థం చేసుకోవడానికైతే మంచిదే. నేను విన్న ప్రతిసారీ తప్పించుకోవడానికే వాడారు. బ్రెజిల్ పెద్దమనుషులు చెప్పింది ఇదే కదా. పైగా మనం ఒక లెక్క ఇంట్లో వదిలి ఇంకోటి నేర్చుకోవడం లేదు, రెండూ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం. ఇంట్లో బ్రెజిల్ లెక్క, బయట వర్జీనియా లెక్క. ఏది తీసినా మనకంటే కింద ఒకరు ఉండేలా చూసుకుంటాం.

2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. విజయవాడ మూలాలున్న కుటుంబం. ఆ రాత్రి అమెరికాలో కొందరు అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు. మనవాళ్లు టీవీల ముందు భగ్గుమన్నాం. అదే వారం మన డ్రాయింగ్ రూముల్లో, "ఆ రంగుకి ఇక్కడైతే మిస్ వైజాగ్ కూడా రాదు" అన్నారు. ఒకే నోరు. రెండింటికీ మధ్య కాఫీ కూడా తాగలేదు.

మేం తిరిగొచ్చేసి హబ్సిగూడలో ఉంటున్నాం, అమ్మావాళ్లింటికి దగ్గర. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఆ పేరేంటో నేనెప్పుడూ ఆలోచించలేదు. హబ్షీ అంటే అబిసీనియా మనిషి, ఆఫ్రికా మనిషి. దక్కన్‌కి వాళ్లు వందల ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి మొఘలుల్ని ముప్పుతిప్పలు పెట్టాడు. వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చిన ఆఫ్రికన్ ఆశ్విక దళం పేరే మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నేను చిన్నప్పుడు ఎయిర్ కండిషన్ అనుకునేదాన్ని. పెళ్లి బారాత్‌లో మనం ఒళ్లు మరిచి గంతులేసే మర్ఫా మోతలోనూ వాళ్ల చెయ్యుంది.

పోయిన జూన్‌లో మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ ఖాళీ అయింది. సూడాన్ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న ఒకతను, భార్య, రెండేళ్ల పిల్లాడు చూసుకున్నారు. అడ్వాన్స్ కూడా పట్టుకొచ్చారు. ఓనర్ అంకుల్ అసోసియేషన్‌ని అడిగి చెబుతానన్నారు. మీటింగ్‌లో ఒకాయన, "మనకేం ప్రాబ్లం లేదండీ, మిగతా ఓనర్లు ఫీలవుతారేమో" అన్నాడు. మిగతా ఓనర్లందరూ ఆ గదిలోనే ఉన్నారు. నేను లేచి హబ్సిగూడ అన్న పేరుకి అర్థం చెప్పాను. "అవునా మేడం, ఇంట్రెస్టింగ్" అన్నారు. ఒకావిడ అది వాట్సాప్ గ్రూపులో పెట్టమంది. పెట్టాను. పద్నాలుగు లైకులొచ్చాయి.

ఫ్లాట్ వాళ్లకివ్వలేదు. ఇప్పుడు గేటు మీద టులెట్ బోర్డు కింద కొత్తగా 'ఓన్లీ తెలుగు ఫ్యామిలీస్' అని పెయింట్‌తో రాయించారు. రోజూ సాయంత్రం పాపని పార్కుకి తీసుకెళ్తుంటే, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటున్న వయసు కదా, అది గేటు దగ్గర ఆగి పైకే చదువుతుంది. 'ఫ్యా' దగ్గర ఇరుక్కుంటుంది. అమ్మ చెప్పింది కరెక్టే, చామనఛాయకొచ్చింది.